లోతు చెప్పేవాడు

కనిగిరి బస్సు కందుకూరులో ఇరవై నిమిషాలు ఆగింది.
నేను దిగలేదు.
స్టాండు పక్క టీ కొట్టాయన నన్ను చూసి
రెండు వేళ్ళెత్తాడు, రెండా అని.
తల అడ్డంగా ఊపా.
ఒక వేలు చూపించాడు.
కిటికీ అద్దం మూసేశా.

నాది పాకల. మౌలాలిది కనిగిరి అవతల మెట్ట.
పెన్షను పడ్డ వారంలో ఇద్దరం నడిమధ్యకి వచ్చి
ఈ బెంచీ మీదే కూచునేవాళ్ళం.
టీ చల్లారేది, మాట్లాడుకునేది పెద్దగా ఉండేది కాదు.

విశాఖపట్నంలో మొదటిరోజు
రేవు గోడ మీద నిలబడి వాడు చానాసేపు చూశాడు.
"ఇన్ని నీళ్ళుండాయి, కాపలా ఎవురూ లేరేందిరా?"
నేను నవ్వా. వాడు నవ్వలేదు.
వాళ్ళ ఊళ్ళో బిందెకొక మనిషి
తెల్లారేదాకా బావి కాడ ఉండాల.
ఆ నీళ్ళే తాగి నాయన నడుం వంగింది,
వాడి పళ్ళ మీద చింతపండు చార.

పంజాబీ పెట్టీ ఆఫీసరుకి మా పేర్లు నోరు తిరగలేదు.
ఇద్దర్నీ ఆంధ్రా అనేవాడు.
ఒక్క కేకకి రెండు జతల బూట్లు పరిగెత్తేవి.

నన్ను అడుక్కి దించారు, ఇంజను గదిలోకి.
అలల్లో పుట్టినోణ్ణి,
పదిహేనేళ్ళు సముద్రం మీద తిరిగి
సముద్రాన్ని చూసింది తక్కువ.
మొదటి తుపానులో నూనె వాసనకి పేగులు బయటికొస్తే
బకెట్టు పట్టింది నీళ్ళెరగని మెట్టోడు.
"వలోళ్ళ బిడ్డవి గదరా, పాకలా" అంటూ.

వాడి పని పైన.
తాడుకి కట్టిన సీసం గుండు ముందుకి విసిరి
లోతు చెప్పడం.
గుండు అడుగున కొవ్వు పూస్తారు,
కింద ఏముంటే అది అంటుకొస్తుంది.
ఎనిమిది బారలు, ఇసక!
ఆరు బారలు, గవ్వ!
అధికారుల ముందు ఇంగ్లీషులో అరిచేవాడు.
రాత్రి పడక మీద నాకు తెలుగులో మళ్ళీ చెప్పేవాడు,
మా నాయన పడవలో చెప్పినట్టే, బారల లెక్కన.

నా కిందున్న మిషను ఒకటి
ఉప్పునీళ్ళు మరగబెట్టి మంచినీళ్ళు దించేది.
డ్యూటీ దిగి నిచ్చెన మీంచి మగ్గు చాపేవాడు.
రుచీ పచీ లేని నీళ్ళు.
కళ్ళు మూసుకుని తాగేవాడు.
"దీన్ని ఊడబీకి మూటగడదాం రా, మా ఊరికి."

ఓడని గుజరాతు ఒడ్డున ముక్కలు కోసి అమ్మారంట.
ఏ ఇంటి తలుపుకి మేకైందో ఆ మిషను.

తర్వాత వాడి కార్డులు వచ్చేవి.
క్షేమసమాచారాలు లేవు, సలాములు లేవు.
మూడో బోరు. నలభై బారలు. రాయి.
ఐదోది. అరవై. దుమ్ము.
ఆరోదానికి భార్య గాజులు పోయినట్టు
వాడు రాయలేదు, ఆమె తమ్ముడు చెప్పాడు.
ఏడోది. నూటపది బారలు. తడి.
ఆ ఒక్క మాట కింద రెండు గీతలు.
ఆ తడి వేసంగి దాకా ఉండింది.

నిన్న వాణ్ణి దించాం.
నేల గట్టిది, గడ్డపార నిప్పులు రాల్చింది.
వాడి కొడుకు నా మోచెయ్యి పట్టుకుని
మూడు పిడికిళ్ళు వెయ్యమన్నాడు.
వేశా.
పైన చల్లడానికి నీళ్ళు ట్యాంకరువి,
నాలుగు బిందెలు, డబ్బులిచ్చి తెప్పించినవి.

అందరూ తిరిగిపోయాక గట్టు మీద నిలబడ్డా.
ఎవరో ఒకరు చెప్పాలి గదా.
అరచెయ్యి తిప్పి, అంటుకొచ్చింది చూసి
వాడికి వినబడేంత గట్టిగా చెప్పా.

బారెడు.
ఎర్రమట్టి.
గులకరాయి.